లక్కపిడతలకి రంగు పట్టకపోతే తప్పు లక్కది కాదు

మీరు అడిగింది ఇదీ: రెండేళ్ల పాపకి లక్కపిడతలు స్వయంగా చేసివ్వాలని 775 అనే చిన్న డీసీ మోటారుతో వచ్చే బుల్లి లేత్ (చెక్కని తిప్పుతూ ఆకారం తీసే మిషన్) కొన్నారు. రోటరీ టూల్, చేతి సాండర్ ముందే ఉన్నాయి. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు తెచ్చుకుని పిడత ఆకారం బాగానే తీశారు. తీరా లక్క కర్ర (రంగు కలిపి కర్రలా చుట్టిన లక్క) ఆనిస్తే రంగు ఒకచోట ముద్ద కడుతోంది, ఇంకోచోట అసలు అంటడం లేదు, అంటిన చోట కూడా గోరుతో గీకితే పెచ్చులా లేచి వస్తోంది. విసుగొచ్చి ఎనామిల్ పెయింట్ కొట్టేద్దామా అంటున్నారు. పక్క ఫ్లాట్ వాళ్లు తమకీ ఒక సెట్ కావాలని అడుగుతున్నారు, అమ్మొచ్చా అన్నది చివరి ప్రశ్న.

ముందు సూటిగా చెప్తాను. ఎనామిల్ వద్దు. మీ లక్క కర్ర బహుశా బాగానే ఉంది. చాలనిది వేడి. ఆ వేడి పుట్టించే ఓపిక మీ మోటారుకి లేదు. దానికి తోడు టేకు, ఆరని చెక్క. ఈ మూడూ సరిచేసుకుంటే ఇదే లక్క కర్రతో అద్దంలా రంగొస్తుంది. ఇక పాపకి రెండేళ్లే కాబట్టి బొటనవేలంత పిడతలు ఇప్పుడే చేతికివ్వొద్దు. అది ఎందుకో కింద చెప్తాను.

నేను పుట్టి పెరిగింది యలమంచిలి దగ్గర. వరాహ నది ఒడ్డున, లక్క బొమ్మలకి పేరుపడ్డ ఏటికొప్పాక మాకు సైకిలు దూరం. ఫిట్టరుగా రిటైరయ్యాక, చిన్నప్పుడు కిటికీలోంచి చూసిన పని నేర్చుకుందామని అక్కడి మేస్త్రి ఒకాయన దగ్గర రెండు వేసవులు కూర్చున్నాను. ఇప్పుడు విశాఖలో మా డాబా మీద రేకుల షెడ్డులో పదిహేడేళ్లుగా ఇదే కాలక్షేపం. పుట్టుకతో ఈ పని చేసేవాళ్ల ముందు నేను ఏపాటి! కానీ చిన్న మిషన్లతో ఇంట్లో చేసేవాళ్ల తిప్పలు వాళ్లకన్నా నాకే ఎక్కువ తెలుసు, ఎందుకంటే అన్నీ పడ్డాను.

లక్క పనిలో రంగు పూయడం అనేదే లేదు. కర్ర తిరుగుతుంటే దాని మీద లక్క కర్ర ఆనిస్తాం. రాపిడికి వేడి పుట్టి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. లక్క 75-80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే ఆ ఆనిన చోట, ఆ ఒక్క క్షణం, అంత వేడి రావాలి. అందుకు రెండు కావాలి: వేగం, నొక్కుడు. మీ 775 మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు జోరుగానే తిరుగుతుంది. లక్క కర్ర ఆనించి కాస్త నొక్కగానే మూలుగుతూ మందగిస్తుంది, అవునా? మందగించిన మరుక్షణం వేడి పడిపోతుంది. సగం కరిగిన లక్క ముద్దగా అతుక్కుని అక్కడే గడ్డకడుతుంది. అది కర్ర లోపలికి పట్టింది కాదు, పైన కూర్చుంది. అందుకే పెచ్చు.

చిన్న లెక్క చూడండి. 25 మిల్లీమీటర్ల మందం ఉన్న కర్ర నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు నిమిషానికి దాదాపు 118 మీటర్లు పరుగెడుతుంది. అదే వేగంలో 10 మిల్లీమీటర్ల మెడకి వచ్చేసరికి ఆ పరుగు 47 మీటర్లే. పిడత పొట్ట మీద రంగు పట్టి మెడ దగ్గర పట్టలేదని మీరు రాసింది ఇందుకే. సన్నటి భాగానికి వచ్చినప్పుడు వేగం పెంచాలి. నేను పొట్టకి 1500, మెడకి 2500 దాకా పెడతాను.

మోటారు మార్చమంటే ఖర్చు అని భయపడకండి. మీ ఇంట్లో గోడకి కన్నాలు వేసే డ్రిల్ మిషన్ ఉందా? 500-600 వాట్లది ఉంటే ఆ 775 కన్నా ఎన్నో రెట్లు నయం. దాన్ని స్టాండులో బల్లకి గట్టిగా బిగించి, చెక్క ముక్కకి వెనక నుంచి 6 మిల్లీమీటర్ల బోల్టు ఎక్కించి చక్‌లో పట్టించండి. 40 మిల్లీమీటర్ల మందం దాకా పిడతలు, బొంగరాలు, బండి చక్రాలు చేసుకోవచ్చు. డ్రిల్ బేరింగులు పక్కనుంచి నొక్కడానికి చేసినవి కావు కాబట్టి అంతకన్నా పెద్ద వాటికి వాడకండి. నా మొదటి మూడేళ్లూ ఇలాగే గడిచాయి. తర్వాత అర హెచ్‌పీ బల్ల లేత్ కొన్నాను. (పాత రోజుల్లో ఏటికొప్పాకలో తాడుతో లాగి తిప్పేవారు. ఇద్దరు మనుషుల పని. తరిమెన (లేత్) పట్టడం అనే మాట అప్పటిది. ఇప్పుడు అక్కడా కరెంటు మోటార్లే.)

ఇక చెక్క సంగతి. ఏటికొప్పాక వాళ్లది అంకుడు కర్ర. తెల్లగా, సన్నటి రేకుతో (చెక్క పోగుతో), దంతంలా నునుపుగా తేలుతుంది. దాని మీద పసుపు రంగు పెడితే పసుపుగానే కనిపిస్తుంది. టేకు మీద పెడితే గోధుమ రంగు కిందనుంచి తొంగిచూస్తుంది. పైగా టేకు రేకులో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి, లక్క వాటిని దాటుకుని పోతుంది, అందుకే మచ్చలు. టేకు తలుపులకి మంచిది, పిడతలకి కాదు. అంకుడు దొరకకపోతే వేప, మామిడి పర్లేదు. నాకు బాగా నచ్చింది జామ. రేకు చాలా సన్నం. కాకపోతే ఆరేటప్పుడు పగుళ్లివ్వడంలో దానికి మించింది లేదు, పది ముక్కలు ఆరబెడితే ఆరు చేతికొస్తే అదృష్టం. రబ్బరు చెక్క సుళువుగా దొరుకుతుంది, లేత్ మీద వెన్నలా తెగుతుంది. కానీ పురుగు పట్టకుండా దానికి మందు పట్టించి అమ్ముతారు కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకునే వాటికి నేను వాడను. పెన్నుల స్టాండుకి వాడతాను. గన్నేరు, ముష్టి కర్ర మాత్రం పెరట్లో ఊరికే దొరికినా ముట్టుకోవద్దు, రెండూ విషమే.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చేత్తో పట్టి చెప్పడం మేస్త్రిలకి చెల్లుతుంది, మనకి కాదు. వంటింటి తూకం చాలు. పచ్చి కొమ్మని జానెడు ముక్కలుగా కోసి, రెండు చివర్లా కొవ్వొత్తి మైనం పూసి, నీడలో గాలి తగిలేలా పెట్టండి. ఒక ముక్క మీద తేదీ, బరువు పెన్సిల్‌తో రాయండి. వారానికోసారి తూచండి. పోయినేడాది నా జామ ముక్క ఒకటి 412 గ్రాములతో మొదలై 270 దగ్గర ఆగింది, నాలుగు నెలలు పట్టింది. వరసగా మూడు వారాలు బరువు కదలకపోతే ఆరినట్టు. తొందరపడి ఓవెన్లో పెట్టకండి, నేను పెట్టాను, ఫట్టుమని నిలువునా చీలింది. ఆరని కర్రకి లక్క పెడితే లోపలి తడి ఆవిరై పైకి తన్నుకొచ్చి సూదిమొన లాంటి బుడిపెలు లేస్తాయి. మీ ఫోటోలో కనిపించేవి అవే అనుకుంటున్నా.

ఇప్పుడు అసలు పని. చెక్క ఆకారం తీశాక గరుకు కాగితం 120 నంబరుతో మొదలెట్టి 180, 240, 320 దాకా వెళ్లండి. సాండర్ వద్దు, లేత్ తిరుగుతుండగా కాగితం ముక్క వేళ్లతో పట్టుకుని ఆనిస్తే చాలు. తర్వాత దుమ్మంతా బ్రష్‌తో దులిపేయాలి. ఒక్క రవ్వ మిగిలినా లక్కలో ఇరుక్కుని చివరిదాకా కనిపిస్తుంది. నూనె, మైనం, సీలర్ ఏదీ లక్కకి ముందు పూయకూడదు.

లక్క కర్రని మొనతో గుచ్చినట్టు పట్టుకోవద్దు. దాని పక్క భాగం కర్ర మీద వాలేలా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరపండి. సరైన వేడి వచ్చినప్పుడు చేతికి తెలుస్తుంది. అంతవరకూ కరకరమన్న లక్క ఒక్కసారిగా జారుడుగా మారుతుంది, కర్ర మీద తడిసిన దారంలా సన్నటి గీత పరుచుకుంటుంది, చిన్నగా వేడి లక్క వాసన వస్తుంది. ఆ జారుడు రాకపోతే ఇంకా నొక్కకండి, వేగం పెంచండి. ఏసీ గదిలో చేస్తుంటే లక్క కర్రని ముందు కాసేపు బల్బు పక్కన పెట్టుకోండి.

ఈ దశలో రంగు గీతలు గీతలుగా, గుల్లగా ఉంటుంది. కంగారు వద్దు. ఇక్కడే మొగలి ఆకు. ముళ్లు తీసి ఎండబెట్టిన ఆకుని మడిచి, దాని అంచుని తిరుగుతున్న కర్ర మీద గట్టిగా ఆనిస్తే ఆ రాపిడికి లక్క మళ్లీ కరిగి సమంగా పరుచుకుంటుంది. మెరుపు కూడా దానితోనే వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, కాళ్లకి గుచ్చుకునే ముళ్ల పొద ఆకు ఇంత పని చేస్తుందా అని. దొరకని రోజుల్లో తాటాకుతో ప్రయత్నించాను, గీతలు పడ్డాయి. నాలుగు మడతలు వేసిన పాత నూలు గుడ్డ ముక్క ఫర్వాలేదు, చివర్లో ఒక్క చుక్క కొబ్బరి నూనెతో. గుడ్డని వేలికి చుట్టుకోవద్దు. నేను చుట్టుకున్నాను. లేత్ దాన్ని లాక్కుంది, చూపుడువేలి గోరు పూర్తిగా ఊడి, కొత్తది రావడానికి ఐదు నెలలు పట్టింది. గుడ్డ చిన్న ముక్కగా, లాగితే చేతిలోంచి జారిపోయేలా ఉండాలి. గ్లవుజులు, చున్నీ, వేలాడే చేతులున్న చొక్కా, విరబోసుకున్న జుట్టు, మెడలో దారం, ఇవేవీ లేత్ దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి.

రెండు రంగుల మధ్య అంచు కలిసిపోతోందని కూడా రాశారు. రంగు పెట్టకముందే ఉలి మొనతో ఆ హద్దు దగ్గర సన్నటి గాడి గీయండి. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. గాడి దగ్గర లక్క ఆగిపోతుంది.

రోటరీ టూల్‌తో లక్క కరిగించవచ్చా అన్నారు. వద్దు. అది తిరిగేదే పదివేల చుట్లకి పైన, లక్క కరగడం కాదు, మాడుతుంది. దాన్ని కళ్లు, ముక్కు, చిన్న కన్నాలు, పువ్వుల గీతలు చెక్కడానికి ఉంచుకోండి. గుండ్రంగా తిరగని ఆకారాలు, అంటే ఏనుగు, ఎద్దుల బండి, మనిషి బొమ్మ చేయాలంటే దారి వేరు, అది కొండపల్లి దారి. వాళ్లది తేలికైన తెల్ల పొణికి కర్ర. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సుద్ద పూత వేసి, దాని మీద కుంచెతో రంగులు వేస్తారు. నిర్మల్ బొమ్మలకీ పొణికే. కాబట్టి సూత్రం ఒక్కటే: తిరిగేదానికి లక్క, తిరగనిదానికి కుంచె. కుంచె పనికి లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి పూయడం ఉంది గానీ, వర్షాకాలంలో విశాఖ లాంటి ఊళ్లో పూస్తే గాలిలో చెమ్మకి తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది. ఎండ ఉన్న రోజు చూసుకుని, కిటికీలు తెరిచి చేయండి.

రంగు దేనితో? ఏటికొప్పాకలో మధ్యలో కొన్నేళ్లు రసాయన రంగుల వైపు మళ్లారు. ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు గారు మొక్కల నుంచి తీసిన రంగుల్ని మళ్లీ పట్టాలెక్కించారు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పసుపు, నీలిమందు, నారింజకి జాఫ్రా గింజలు, ఎరుపుకి మంజిష్ఠ, ఇలా. ఆకుపచ్చ కావాలంటే పసుపు, నీలి కలపడమే. ఇంట్లో చేసుకోవాలంటే లక్క రేకుల్ని నేరుగా గ్యాస్ మంట మీద పెట్టకండి. మరుగుతున్న నీళ్లలో చిన్న స్టీలు గిన్నె పెట్టి అందులో కరిగించండి, ఆ వేడి సరిపోతుంది. 100 గ్రాముల లక్కకి 10-15 గ్రాముల మెత్తటి రంగు పొడి నాకు కుదిరింది. పిండిలా సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, చల్లారకముందే కర్రలుగా చుట్టేయాలి. మళ్లీ మళ్లీ వేడి చేస్తే లక్క చచ్చిపోతుంది. ఒకసారి ఫోనొచ్చి గిన్నె అలాగే వదిలేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రబ్బరులా సాగుతోంది, ఎంత వేడి చేసినా కరగలేదు, గిన్నెతో సహా పారేశాను.

ఒక ముఖ్యమైన నష్టం కూడా చెప్పాలి. పసుపు రంగు ఎండకి నిలవదు. మా కోడలు కిటికీ గట్టు మీద పెట్టిన పసుపు బొంగరం ఒక్క వేసవికే వెలిసి మీగడ రంగుకి వచ్చింది. బీరువాలో ఉన్న దాని జత ఇంకా మెరుస్తోంది. బొమ్మల కొలువుకి తీసి మళ్లీ పెట్టెలో సర్దేవాటికి పర్వాలేదు.

ఆన్‌లైన్లో లక్క కర్రలు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. నేనొకసారి బొమ్మల లక్క అని తెప్పిస్తే వచ్చింది కవర్లకి సీలు వేసే లక్క. అందులో గుగ్గిలం, సుద్ద, ఏ రంగు పొడో తెలియని ఎరుపు. విరిస్తే లోపల మట్టిలా ఉంటుంది, కర్ర మీద పొడిపొడిగా రాలుతుంది. మీ కర్రని విరిచి చూడండి. లోపల గాజు పగిలినట్టు మెరుస్తూ ఉంటే సరైనదే.

ఎనామిల్ ఎందుకు వద్దంటున్నానంటే, ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదని 2017 నవంబరు నుంచి మన దేశంలో నిబంధన ఉంది, నిజమే. కానీ షాపులో ఏ మూల ఎప్పటి డబ్బా ఉందో మనకి తెలియదు. పైగా అవి గోడకీ గేటుకీ చేసినవి, పళ్లొచ్చే పిల్ల కొరకడానికి కాదు. అక్రిలిక్ సీసా మీద ‘విషరహితం’ అని ఉన్నా దాని అర్థం నోట్లో పెట్టుకోవచ్చని కాదు.

పాప సంగతి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా దూరిపోయే ముక్క గొంతులోకీ పోగలదని లెక్క. పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, దానికన్నా కాస్త పెద్దది అనుకోండి. మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతల్లో సగం ఇందులో పడిపోతాయి. మూతలు, గరిటెలు, పిడులు మరీను. ఇప్పటికి 40 మిల్లీమీటర్ల మందంతో, 50 మిల్లీమీటర్లకి తగ్గని ఎత్తుతో కుండ, చెంబు, రోలు ఒకటే ముక్కగా చేయండి. రంగు మురికైతే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. శానిటైజర్ వద్దు, స్పిరిట్‌కి లక్క కరుగుతుంది. కరోనా రోజుల్లో ఎంతమంది నాకు ఫోన్ చేసి ‘బొమ్మలు జిగురుగా అయిపోయాయండీ’ అన్నారో! పాప నిజంగా వేడి పాలు పోసినా అంతే, తెల్ల మచ్చ పడుతుంది.

అమ్మకం గురించి. పక్కింటి పాపకి కానుకగా ఇవ్వండి. డబ్బు తీసుకోవడం మొదలెడితే కథ వేరు. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకీ, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి వస్తువని ఇచ్చే గుర్తింపు) ఉన్న వస్తువుల నమోదిత తయారీదారులకీ మినహాయింపు ఉంది, మీరూ నేనూ అందులో రాము. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది కాబట్టి ఆ పేరు పెట్టి అసలు అమ్మకూడదు. ఆ సెట్ కావాలంటే ఊరి వాళ్ల దగ్గరే కొనిపెట్టండి.

మీరు రేపు చేయాల్సింది చిన్నదే. డ్రిల్‌కి 25 మిల్లీమీటర్ల ఎండిన వేప ముక్క ఎక్కించి, రెండు గాళ్లు గీసి, మూడు పట్టీలు రంగు పెట్టండి. మీ అపార్టుమెంటులో మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లుంటే సాయంత్రం చేయండి, నాకు ఈ విషయంలో అనుభవం ఉంది. మర్నాడు గోరుతో గీకి చూడండి. పెచ్చు లేవకుండా సన్నటి గీత మాత్రం పడితే కుండ మొదలెట్టొచ్చు. మూత ఉన్న పిడత మాత్రం పాపకి మూడేళ్లు నిండాకే.